సీఎన్‌సీ రౌటర్ కోత కొలతలు సరిచూసే ముందు జాగ్రత్తలు

కోనసీమ, భీమవరం ప్రాంతాల్లో గాలిలో తేమ ఎక్కువగా ఉంటుంది కనుక, సీఎన్‌సీ రౌటర్‌ను (కంప్యూటర్ ఆదేశాలతో పలకలను కోసే యంత్రాన్ని) తప్పుపట్టే ముందు చెక్కను అనుమానించాలి. వానాకాలంలో టేకు పలక నారకు అడ్డంగా ఉబ్బుతుంది, ఉదయం కోసిన ముక్కను మరునాడు కొలిస్తే వచ్చే తేడా యంత్రానిది కాకపోవచ్చు. అందుచేత పరీక్షకు ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసిన పలక) లేదా అక్రిలిక్ పలక తీసుకుని, కోసిన వెంటనే కొలవాలి.

బిట్ (తిరుగుతూ కోసే పనిముట్టు) మార్చేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపి తీరాలి. ఇందులో మినహాయింపు లేదు. బిట్‌పై 6 మి.మీ. అని రాసి ఉన్నా, సానబట్టినది ఇంకా సన్నగా ఉంటుంది కాబట్టి వెర్నియర్‌తో (సన్నని తేడాలు చూపే కొలత పరికరంతో) కొలిచి, ఆ కొలతనే యంత్రానికి ఇవ్వాలి. లేకుంటే బయటి అంచు వెంట కోసిన ముక్క పెద్దదిగా, గాడి ఇరుకుగా వస్తాయి. స్పిండిల్‌ను (బిట్‌ను తిప్పే ఇరుసును) కాసేపు ఖాళీగా తిప్పి వేడెక్కనివ్వాలి.

తెరపై 0.01 మి.మీ. వరకు అంకెలు కనిపించినంత మాత్రాన కోత అంత కచ్చితమని కాదు. స్పిండిల్ ఆపి, డయల్ గేజ్ (చిన్న కదలికను ముల్లుతో చూపే పరికరం) పెట్టి, ఒకే బిందువుకు ఎడమ నుంచి ఒకసారి, కుడి నుంచి ఒకసారి యంత్రాన్ని రప్పిస్తే, రెండు రీడింగుల మధ్య తేడాయే యంత్రాన్ని కదిలించే స్క్రూలోని లూజు. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన పరీక్ష ఇదే, ఎందుకంటే గుండ్రని కోత నాలుగు వైపులా చదునుగా రావడానికి తరచూ ఈ లూజే కారణం.

మూలలు సరిగ్గా లంబంగా వస్తున్నాయో లేదో చూడటానికి 600, 800 మి.మీ. భుజాల దీర్ఘచతురస్రం కోయండి. రెండు కర్ణాలూ 1000 మి.మీ. ఉండాలి.