విక్కన్ హీరోయిన్‌ని రాయాలంటే

మారతహళ్ళి పీజీలో ఉండే అనంతపురం అమ్మాయి విక్కన్ అని కథ మొదలెడుతున్నారా, అయితే ముందు చేతబడి, బాణామతి మైండ్‌లోంచి తీసేయండి. విక్కా ఇంగ్లండ్‌లో పుట్టిన మతం, మంత్రాలు వచ్చని చెప్పుకోవడాన్నే నేరం చేసిన మంత్రవిద్య చట్టం 1951లో అక్కడ రద్దయ్యాక జెరాల్డ్ గార్డనర్ అనే ఇంగ్లీషాయన 1954లో పుస్తకం రాసి దీన్ని బయటపెట్టాడు. దీన్ని పాటించేవాళ్ళే విక్కన్లు, వాళ్ళు సైతాన్ని పూజించరు, అసలు నమ్మరు కూడా. ఒక దేవత, కొమ్ములున్న దేవుడు, ఏడాదికి 8 పండగలు, పౌర్ణమి పూజలు. అథామే అనే కత్తి ఉంటుంది గానీ దాంతో రక్తం తియ్యరు, గాల్లో వలయం గీస్తారు (నిమ్మకాయ కొయ్యడానిక్కూడా కాదండీ బాబూ).

ఎవరికీ హాని చెయ్యకుండా నీకు నచ్చింది చేసుకో అన్నది వాళ్ళ రూల్, కథకి అసలు సరుకు ఇక్కడే ఉంది, ఏడిపించిన సీనియర్ మీద మంత్రం వెయ్యగలదు, కానీ వెయ్యొచ్చా? ఆ రాత్రంతా నిద్రపోకుండా టెర్రస్ మీద కూర్చుందంటే అదే మీ బెస్ట్ చాప్టర్. అక్టోబర్ 31న సావిన్ (ఆ 8 పండగల్లో ఒకటి), మన పెద్దల అమావాస్యలా పోయినవాళ్ళని తలుచుకునే రోజు, అమ్మమ్మ ఫొటో దగ్గర కొవ్వొత్తి పెట్టించండి, బెంగుళూరు వాన దాన్ని ఆర్పేస్తే ఇంకా మంచిది. చీపురు మీద ఎగరడాలు అవీ మీ ఇష్టం, కాకపోతే అది మీ కల్పన, వాళ్ళ మతం కాదని ఎక్కడో తెలియాలి. పీజీ ఆంటీ అగరొత్తుల వాసనకి పైకొచ్చి "ఏం పూజమ్మా ఇవాళ?" అనే సీన్ మాత్రం వదలకండి.