వానల్లో అలిపిరి మెట్లు: కాలు జారకుండా ఎక్కాలంటే

మాది తిరుపతి. ఏటా కార్తీకంలో అమ్మతో కలిసి అలిపిరి నుంచి తిరుమల కొండెక్కుతాను. మనకు పెద్ద వానలు పడేదీ ఆ రోజుల్లోనే. బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టిందంటే ముసురు పట్టుకుంటుంది. 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు, అదీ చెప్పుల్లేకుండా.

దారికి పైన కప్పు ఉంది కదా, తడి ఉండదులే అనుకోకండి. జల్లు పక్కనుంచి కొడుతుంది. పైగా ముందు నడిచినవాళ్ల తడి పాదాలు మెట్లన్నీ తడిపేస్తాయి. అయినా రెండేళ్ల కిందట నన్ను పడేసింది వాన నీళ్లు కాదు, పసుపు. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టి కర్పూరం వెలిగించే మొక్కు చాలామందికి ఉంటుంది. ఆ పసుపు మీద నాలుగు చినుకులు పడితే మెత్తటి ముద్దయిపోతుంది. దారిలో వచ్చే గాలిగోపురానికి కాస్త కింద అలాంటి మెట్టు మీదే కాలు వేశాను. మోచేయి రాతికి కొట్టుకుంది. నన్ను పట్టుకోబోయి వెనకున్న అమ్మ కూడా తూలింది. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

అప్పటి నుంచి పచ్చగా, ఎర్రగా కనిపించే చోట అడుగు పెట్టను. మొక్కు తీర్చుకునేవాళ్లకు నా మనవి ఒకటే. మెట్టు నిలువు ముఖానికి చిన్న బొట్టు పెట్టండి, కాలు మోపే చోట వద్దు.

వేళ్ల మీద ఎక్కకూడదు. పాదం మొత్తం మెట్టు మీద ఆనాక, రెండో కాలు తీయాలి. చీరో పంచో చీలమండ పైకి ఎగగట్టుకోవాలి. రాయి చల్లగా ఉందని కొందరు సాక్సులు వేసుకుంటారు. తడిసిన సాక్సు నున్నటి రాతి మీద ఇంకా జారుతుంది, ఉత్త కాళ్లే నయం. బ్యాగులు అలిపిరి లగేజీ కౌంటర్లో ఇచ్చేస్తే ఉచితంగా పైకి చేరుస్తారు, చేతులు ఖాళీగా ఉంటాయి. గొడుగు కన్నా రెయిన్‌కోటు మేలు, ఒక చెయ్యి కమ్మీకి కావాలి కదా.

గాలిగోపురం దాటాక దారి చాలా దూరం చదునుగా ఉంటుంది. అక్కడ ఊపిరి తీసుకోండి. మోకాళ్ల పర్వతం దగ్గర మెట్లు మళ్లీ నిటారుగా లేస్తాయి, అప్పటికే కాళ్లు వణుకుతుంటాయి. అక్కడ అమ్మను ముందు ఎక్కించి నేను ఒక మెట్టు కింద ఉంటాను.

దిగడం మాత్రం బస్సులోనే. మెట్ల మీదే దిగాలనుకుంటే కాస్త పక్కకు తిరిగి, కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగండి. బైకు మీద ఘాట్ రోడ్డు దిగేవాళ్లు తక్కువ గేరులో రావాలి, మలుపులో బ్రేకు తొక్కకుండా మలుపుకు ముందే స్పీడు తగ్గించుకోవాలి.

ఎడతెగని వానల్లో అసలు బయల్దేరకండి. 2021 నవంబరు వరదకు కొండకున్న మరో నడకదారి శ్రీవారి మెట్టు దెబ్బతింటే 2022 మేలో గానీ తెరవలేదు. 2021 డిసెంబరు మొదట్లోనే రెండో ఘాట్ రోడ్డు మీద బండరాళ్లు విరిగిపడ్డాయి. వాన ఆగాక కూడా నానిన కొండ నుంచి రాళ్లు దొర్లుతాయి. అందుకే శేషాచలం మీద మబ్బు కమ్మితే అమ్మే ముందు అంటుంది, "తెరిపిచ్చి రెండు దినాలు కానీ, అప్పుడు పోదాంలే" అని.