పాత హ్యాచ్‌బ్యాక్‌ను మళ్లీ నడపాలనిపించేలా చేసుకోవడం ఎలా?

కారు నడపడంలో హాయి హార్స్‌పవర్ వల్ల రాదు. 1989లో వచ్చిన మొదటి మాజ్డా ఎంఎక్స్-5 అనే రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారులో ఉన్నది 1.6 లీటర్ల ఇంజినే, బరువు టన్ను లోపే. అయినా డ్రైవింగ్ ఇష్టపడేవాళ్లు ఈనాటికీ దాని పేరే చెబుతారు. స్టీరింగ్ ఎంత తిప్పితే అంతే తిరగడం, బ్రేక్ ఎంత తొక్కితే అంతే పట్టడం దాని గొప్పతనం. స్విఫ్ట్, ఐ20 లాంటి మామూలు బండ్లలోనూ ఈ గుణం ఉంటుంది. డెబ్బై ఎనభై వేల కిలోమీటర్లు తిరిగేసరికి అరిగిన రబ్బరూ, సరిగా లేని గాలీ దాన్ని కప్పేస్తాయి.

పైసా ఖర్చు లేనిది సీటు. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగే ఉండాలి. వీపు సీటుకు ఆనించి చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచును తాకాలి. వెనక్కి వాలి కూర్చుంటే మలుపులో స్టీరింగ్‌ను పట్టుకుని వేలాడాల్సి వస్తుంది, టైర్ల పట్టు ఎంతుందో చేతికి తెలియదు.

డబ్బు పెట్టాల్సిన మొదటి చోటు టైర్లు. టైరు పక్కన డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. ఆరేళ్లు దాటితే గాడి లోతుగా కనిపించినా రబ్బరు గట్టిపడి, వానలో పట్టు తగ్గుతుంది. గాలి మాత్రం డ్రైవర్ డోరు తెరిస్తే కనిపించే స్టిక్కర్ మీద రాసినంతే, టైర్లు చల్లగా ఉన్నప్పుడే పెట్టించండి. ఎక్కువైతే టైరు మధ్యభాగమే రోడ్డును తాకుతుంది, ప్రతి గుంతా నడుముకు తగులుతుంది. ఎండలో హైవే మీద నడిపాక 3, 4 పీఎస్‌ఐ (గాలి పీడనం కొలత) పెరగడం సహజం, అప్పుడు గాలి తీయకండి. సైజు మార్చాలనుకుంటే చక్రం మొత్తం వ్యాసం చూడండి. 2018 స్విఫ్ట్‌కు కంపెనీయే ఇచ్చిన 165/80 ఆర్14, 185/65 ఆర్15 టైర్ల వ్యాసంలో తేడా 2 మిల్లీమీటర్లే. అంతకు మించిన పెద్ద, బరువైన అలాయ్ వీల్స్ చూపుకు బాగుంటాయి గానీ సస్పెన్షన్‌కు భారం. వాటిని మేం సిఫారసు చేయం.

బండి ఒక పక్కకు లాగుతోందని నేరుగా అలైన్‌మెంట్‌కు (చక్రాల కోణాలు సరిచేయించడానికి) పరుగెత్తకండి. గాలి సరిచూసి, ముందు టైర్లను కుడి ఎడమలు మార్చండి (బాణం గుర్తున్న టైర్లకు ఇది కుదరదు). లాగే దిశ మారితే తప్పు టైరుదే. వేగం 80 దాటాక స్టీరింగ్ వణికితే ముందు బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేలా చేయడం), బ్రేక్ వేసినప్పుడే వణికితే డిస్క్‌లు చూడాలి. చిన్న గుంతల్లో టక్ టక్ మంటే లింక్ రాడ్లు (సస్పెన్షన్‌లోని సన్నని కడ్డీలు), బ్రేక్ వేయగానే బండి ముందుభాగం పక్కకు జరిగినట్టుంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద పట్టి ఉంచే చేయి) బుష్‌లు, అంటే దాని కీళ్లలోని రబ్బరు ముక్కలు, అనుమానించండి.

బుష్‌లు మార్చేటప్పుడు చాలా వర్క్‌షాపుల్లో జరిగే తప్పొకటుంది. బండి లిఫ్ట్ మీద, చక్రాలు వేలాడుతుండగానే ఆర్మ్ బోల్టు పూర్తిగా బిగించేస్తారు. కిందికి దించగానే కొత్త రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది, త్వరగా చిరుగుతుంది. బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు వేయమని పక్కనే నిలబడి చెప్పండి. షాక్ అబ్జార్బర్లలో ఒకదాని నుంచి ఆయిల్ కారుతున్నా రెండు పక్కలా మార్చాలి. ఇవన్నీ అయ్యాకే అలైన్‌మెంట్, లేకపోతే ఆ డబ్బు వృథా. స్టీరింగ్‌ను నిటారుగా లాక్ చేశాకే టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిచేస్తున్నారో లేదో చూడండి.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా కనీసం 230 డిగ్రీల వద్ద మరిగేలా ఉండాలి. తడి చేరాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. తిరుమల, శ్రీశైలం ఘాట్లు దిగేటప్పుడు పెడల్ మెత్తబడటానికి అదొక కారణం. రెండేళ్లకోసారి మార్పించండి, దిగేటప్పుడు బండిని రెండో గేరులో పట్టండి.

ఆ గేరు కుదుపు లేకుండా పడాలంటే చదును రోడ్డు మీద, ఖాళీగా ఉన్నచోట సాధన చేయండి. 40 వేగంలో మూడో గేరు నుంచి క్లచ్ తొక్కి, రెండులోకి మారుస్తూ యాక్సిలరేటర్‌ను చిన్నగా తట్టండి. ఆర్‌పీఎం సుమారు వెయ్యి పెరగగానే క్లచ్ వదలండి. బండి ముక్కు వంగితే తట్టింది తక్కువ, ముందుకు దూకితే ఎక్కువ.