అంకెలు చదువుదాం - 5వ పాఠం: స్కిజోఫ్రీనియా ఉన్నవారికి క్యాన్సర్ తక్కువా, ఎక్కువా?

ముందు పోయిన పాఠం లెక్క తేల్చేద్దాం. వెయ్యి మందిలో ఇద్దరికి వచ్చే జబ్బు, ఒక మందు వాడితే ముగ్గురికి వస్తుందని ఇచ్చాను. "50 శాతం పెరిగింది" అన్నా నిజమే, "వెయ్యికి ఒక్కరు పెరిగారు" అన్నా నిజమే. రెండూ రాసినవారికి పూర్తి మార్కులు. ఒక్కటే రాసినవారు కంగారు పడకండి, అదే లెక్క ఈ పాఠంలో మళ్లీ ఎదురవుతుంది.

ఈసారి పని కొంచెం పెద్దది. "ఫలానా జబ్బు ఉన్నవారిలో క్యాన్సర్ తక్కువ" అనో "ఎక్కువ" అనో ఒక అంకె కనబడితే దాన్ని విప్పి చూడటం ఎలాగో నేర్చుకుందాం. ఉదాహరణకు స్కిజోఫ్రీనియాను (లేనివి ఉన్నట్టు భ్రమలు కలిగించే తీవ్రమైన మానసిక జబ్బు) తీసుకున్నాను. కారణం, ఈ ఒక్క విషయంలోనే వందేళ్లకు పైగా "తక్కువ" అన్నవారూ ఉన్నారు, "ఎక్కువ" అన్నవారూ ఉన్నారు. ఇద్దరి చేతిలోనూ నిజమైన అంకెలే ఉన్నాయి.

కథ 1909లో మొదలవుతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలోని పిచ్చాసుపత్రులను (అప్పట్లో ఆ మాటే వాడేవారు) పర్యవేక్షించే కమిషనర్లు తమ నివేదికలో, అక్కడి రోగులు క్యాన్సర్‌తో చనిపోవడం బయటి జనంలో కన్నా తక్కువగా ఉందని రాశారు. ఆ మాట బలంగా నాటుకుపోయింది. మానసిక జబ్బే క్యాన్సర్ నుంచి కాపాడుతోందేమో అని దశాబ్దాల పాటు పరిశోధకులు వెతికారు.

ఇక్కడ ఆగండి. కింది పేరా చదవకముందే, ఆ లెక్క ఎక్కడ తప్పి ఉండవచ్చో ఒక కాగితం మీద రాయండి. రెండు నిమిషాలు చాలు.

ఎక్కువ మంది "వయసు" అని రాసి ఉంటారు. సరైన జవాబే. క్యాన్సర్ చాలావరకు వయసు మీద పడ్డాక వచ్చే జబ్బు. ఆ ఆసుపత్రుల్లో క్షయ వంటి అంటురోగాలతో జనం ముందే పోయేవారు. క్యాన్సర్ వచ్చే వయసు దాకా బతికితే కదా క్యాన్సర్ రావడానికి! ఈ రోజుకీ తీవ్రమైన మానసిక జబ్బులున్నవారు మిగతావారి కన్నా 10 నుంచి 20 ఏళ్లు ముందే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి ఈ చిక్కు 1909తో పోలేదు.

దీన్ని లెక్కలో చూద్దాం. ఈ అంకెలు నేను కల్పించినవి, అభ్యాసం కోసమే. ఆసుపత్రిలో 10,000 మంది ఉన్నారు. వారిలో 9,000 మంది 50 ఏళ్ల లోపువారు, 1,000 మంది ఆ పైవారు. బయట ఊళ్లో కూడా 10,000 మందే, కానీ సగం సగం. ఊళ్లో ఏడాదికి 50 లోపువారిలో వెయ్యికి 2, పైవారిలో వెయ్యికి 20 క్యాన్సర్ కేసులు వస్తున్నాయి. అంటే 10 + 100, మొత్తం 110 కేసులు. ఆసుపత్రిలో ఆ ఏడాది 45 కేసులు వచ్చాయి. పక్కపక్కన పెట్టి చూస్తే 45 ఎక్కడ, 110 ఎక్కడ! సగం కూడా లేదు.

ఇప్పుడు వేరేగా అడుగుదాం. ఊళ్లో ఉన్న రేట్లే ఆసుపత్రిలోనూ ఉంటే ఎన్ని కేసులు రావాలి? 9,000 మందికి 18, వెయ్యి మందికి 20, మొత్తం 38. వచ్చినవి 45. 45ని 38తో భాగిస్తే దాదాపు 1.18. సగం కన్నా తక్కువ అనిపించింది కాస్తా 18 శాతం ఎక్కువ అని తేలింది. ఒక్క కేసూ మారలేదు, పోల్చిన తీరు మారింది, అంతే. వచ్చిన కేసులను రావాల్సిన కేసులతో భాగించే ఈ అంకెను పరిశోధనా పత్రాల్లో ప్రామాణిక సంభవ నిష్పత్తి అంటారు. పేరు చూసి బెదరకండి. 1 అయితే సమానం, పైన ఉంటే ఎక్కువ, కింద ఉంటే తక్కువ.

ఇక అసలు అంకెలు. 2001లో అచ్చయిన ఫిన్లాండ్ అధ్యయనం ఒకటుంది. 1940-69 మధ్య పుట్టి, 1969-91 మధ్య స్కిజోఫ్రీనియాకు చికిత్స పొందిన 26,996 మందిని ఆ దేశపు క్యాన్సర్ రిజిస్టర్‌తో (బయటపడిన క్యాన్సర్లను నమోదు చేసే పట్టిక) సరిపోల్చారు. వయసును బట్టి చూస్తే 619 క్యాన్సర్లు రావాలి, 724 వచ్చాయి. మీరే భాగించండి: 1.17. దాని పక్కనే 1.09 నుంచి 1.25 అని ఒక అవధి ఉంటుంది. యాదృచ్ఛికపు ఊగిసలాటను లెక్కలోకి తీసుకున్నాక నిజమైన విలువ ఎక్కడెక్కడ ఉండవచ్చో చెప్పేది అదే. ఈ అవధి మొత్తం 1కి పైనే ఉంది, కాబట్టి "ఎక్కువ" అనవచ్చు.

అయితే ఏ క్యాన్సర్ ఎక్కువ? అదనంగా వచ్చిన 105 కేసుల్లో సుమారు సగం ఊపిరితిత్తులవే. ఆ ఒక్కదానికి నిష్పత్తి 2.17. ఇక్కడ సిగరెట్ గుర్తు రావాలి. స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో పొగతాగేవారు మామూలు జనంలో కన్నా చాలా ఎక్కువ. ఒకప్పుడు మానసిక ఆసుపత్రుల్లో చెప్పిన మాట విన్నందుకు సిగరెట్లు బహుమతిగా ఇచ్చేవారంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు. ఇంకా విచిత్రం, ఈ ఫిన్లాండ్ రోగుల తోబుట్టువుల్లో నిష్పత్తి 0.89, తల్లిదండ్రుల్లో 0.91 వచ్చింది. అదే రక్తం పంచుకున్నవారిలో క్యాన్సర్ కొంచెం తక్కువ! జన్యువుల్లో ఏదో రక్షణ ఉందేమో, రోగులు తాగే పొగ ఆ లాభాన్ని మింగేస్తోందేమో అన్న ఊహ ఇక్కడి నుంచే బలపడింది. ఊహే సుమా, రుజువు కాదు.

(పాఠానికి కాస్త పక్కదారి, కానీ ఇంట్లో ఎవరికైనా పనికొస్తుంది. పొగాకు పొగ, స్కిజోఫ్రీనియాకు వాడే క్లోజపిన్, ఒలాంజపిన్ మందులను కాలేయం త్వరగా కరిగించేలా చేస్తుంది. సిగరెట్ మానేస్తే రక్తంలో ఆ మందు మోతాదు పెరుగుతుంది. మానడం మంచిదే, కానీ మానే ముందే డాక్టరుకు చెప్పాలి. ఈ పని చేసేది పొగ, నికోటిన్ కాదు, కాబట్టి నికోటిన్ ప్యాచ్ పెట్టుకున్నా ఇదే జరుగుతుంది.)

ఈ అధ్యయనం మీదా మీ అనుమానం మీకుండాలి. అందులో అందరికన్నా పెద్దవారు 1940లో పుట్టారు, అచ్చయిన నాటికి వారికి 61. డెబ్బై ఏళ్లప్పుడు వచ్చే క్యాన్సర్ల గురించి ఈ 1.17 ఏమీ చెప్పలేదు. ప్రోస్టేట్ క్యాన్సర్‌నే చూడండి, అది ముదిమిలోనే ఎక్కువ. స్కిజోఫ్రీనియా ఉన్న మగవారిలో అది తక్కువగా నమోదవుతోందని వేరే అధ్యయనాల్లో కనిపించింది. నిజంగానే తక్కువా? రక్తపరీక్ష చేయించినవారిలోనే ఆ క్యాన్సర్ ఎక్కువగా బయటపడుతుంది. పరీక్షకే పంపనివారిలో అది ఉన్నా రిజిస్టర్‌కు ఎక్కదు.

నా దృష్టిలో ఈ పాఠంలో అసలు భాగం ఇప్పుడు వస్తుంది. ఇంతసేపూ క్యాన్సర్ రావడం గురించి మాట్లాడాం. దానితో చనిపోవడం వేరే లెక్క. 2013లో పశ్చిమ ఆస్ట్రేలియా నుంచి ఒక అధ్యయనం వచ్చింది. మానసిక చికిత్స పొందిన మగవారిలో కొత్త క్యాన్సర్ల నిష్పత్తి 0.86, ఆడవారిలో 0.92. అంటే తక్కువే. అదే గుంపులో క్యాన్సర్ మరణాల నిష్పత్తి మగవారిలో 1.52, ఆడవారిలో 1.29. తక్కువ మందికి వస్తోంది, ఎక్కువ మంది పోతున్నారు! "మానసిక రోగులకు క్యాన్సర్ తక్కువ" అని శీర్షిక పెట్టినవారు మొదటి వరుస చదివి పుస్తకం మూసేసినట్టే. (ఒక జాగ్రత్త: ఇది అన్ని రకాల మానసిక జబ్బులవారి లెక్క, స్కిజోఫ్రీనియా ఒక్కదానిది కాదు. "ఎవరిని లెక్కించారు?" అని ప్రతిసారీ అడగాల్సింది ఇందుకే.)

ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? క్యాన్సర్ బయటపడేసరికే వేరే అవయవాలకు పాకిపోయినవారు ఈ గుంపులో 7.1 శాతం, మామూలు జనంలో 6.1 శాతం. పోయిన పాఠం గుర్తుందా? పోల్చి చెబితే 16 శాతం ఎక్కువ, విడిగా చెబితే నూటికి ఒక్కరు ఎక్కువ. నూటికి ఒక్కరి తేడాతో మరణాలు అంతగా పెరగవు. ఇంకేదో ఉండాలి. ఉంది కూడా. వీరికి ఆపరేషన్లు తక్కువగా చేశారు, కొన్ని క్యాన్సర్లకు రేడియేషన్ తక్కువగా ఇచ్చారు, కీమోథెరపీ విడతలూ తక్కువే. స్క్రీనింగ్ పరీక్షలు (లక్షణాలు కనబడకముందే చేసేవి) కూడా వీరికి తక్కువగా అందుతున్నాయని వేరే సమీక్షలు చూపించాయి.

అంకెల వెనక జరిగేది ఊహించడం కష్టమేమీ కాదు. కడుపులో నొప్పి అని ఒకాయన చెబుతాడు. ఫైలు మీద స్కిజోఫ్రీనియా అని ఉంటుంది. "అది ఆయన భ్రమలే" అనుకుని పంపించేస్తారు. ఇంకొకరు నొప్పి ఉన్నా చెప్పరు, కొందరికి నొప్పి తెలియడమే తక్కువ. మరొకరికి అపాయింట్‌మెంట్ అంటేనే టెన్షన్, వెంట వచ్చే మనిషి ఉండరు. ఇవేవీ కణాలకు సంబంధించినవి కావు. అందుకే "ఈ జబ్బు క్యాన్సర్ నుంచి కాపాడుతుందా" అన్న ప్రశ్న మీద పెట్టిన శ్రమలో సగం "వీరు ఎందుకు పోతున్నారు" అన్నదాని మీద ముందే పెట్టాల్సిందని నాకు అనిపిస్తుంది.

ఇక ఇంటిపని. 2021లో ఫిన్లాండ్ నుంచే వచ్చిన అధ్యయనం ఇది. స్కిజోఫ్రీనియా ఉన్న ఆడవారిలో, ప్రొలాక్టిన్ హార్మోన్‌ను పెంచే మందులు ఐదేళ్లు, ఆపైన వాడినవారిని ఏడాది కన్నా తక్కువ వాడినవారితో పోల్చారు. రొమ్ము క్యాన్సర్ విషయంలో ఆడ్స్ నిష్పత్తి (దీన్నీ అలాగే చదవండి: 1 అయితే సమానం, పైన ఉంటే ఎక్కువ) 1.56, అవధి 1.27 నుంచి 1.92. ప్రొలాక్టిన్‌ను అంతగా పెంచని మందులకు నిష్పత్తి 1.19, అవధి 0.90 నుంచి 1.58.

మూడు ప్రశ్నలు. ఒకటి, ఏ అవధి 1ని దాటి కిందికి దిగింది, దాన్నిబట్టి ఏమనవచ్చు, ఏమనకూడదు? రెండు, ఇక్కడ పోల్చింది మామూలు ఆడవారితోనా, ఇంకెవరితోనైనా? అలా పోల్చడం వల్ల లాభమేమిటి? మూడు, ఈ 1.56 చూసి "నూటికి ఎంతమంది ఎక్కువ" అని చెప్పాలంటే మీకు ఇంకే అంకె కావాలి?

ఈ మందులు వాడుతున్నవారు ఎవరైనా ఈ లెక్క చేస్తుంటే, దయచేసి దీన్ని చూసి మందు ఆపకండి. మార్చాలా వద్దా అన్నది డాక్టరుతో కూర్చుని తేల్చుకునే మాట, అడగడం మాత్రం మీ హక్కు. జవాబులతో 6వ పాఠం మొదలవుతుంది.