ప్రపంచపు చేపల వంట - మూడో పాఠం: ఉప్పు

మొదటి పాఠంలో చేపను చూసి ఎంచుకోవడం, రెండో దాంట్లో పొలుసు తీసి ముల్లు వెంబడి కోయడం నేర్చుకున్నాం. పొయ్యి దగ్గరికి వెళ్ళే ముందు ఒక పాఠమంతా ఉప్పుకే కేటాయిస్తున్నాను. అంత అవసరమా అనిపించవచ్చు. అవసరమే. చేపల వంటలో చెయ్యి తిరగని వాళ్ళకూ తిరిగిన వాళ్ళకూ తేడా చాలావరకు ఇక్కడే తెలిసిపోతుంది. ఉప్పు వేసేది రుచి కోసమే అనుకుంటే సగమే తెలిసినట్టు. చేప కండలో ఎంత నీరు ఉండాలి, ఎంత పోవాలి అన్నది తేల్చేది ఉప్పే.

చేప కండలో నూటికి 70 నుంచి 80 పాళ్ళు నీరే. పెనం మీద ముక్క వేయగానే ఆ నీరు ఊరి, అడుగున ఆవిరై, చర్మం వేగకుండా ఉడికిపోతుంది. ముక్క అంటుకుంటుంది, తిప్పబోతే విరుగుతుంది. ఇదంతా మంటను ఎంత సర్దినా పూర్తిగా పోదు. పొయ్యికి ముందే నీటి సంగతి చూసుకోవాలి.

ఇక పనిలోకి దిగుదాం. రెండు వేళ్ళ మందం ఉన్న తెల్లచేప ముక్క ఒకటి తీసుకోండి. తడి తుడిచి తూకం వేయండి. దాని బరువులో నూటికి ఒకటిన్నర వంతు మెత్తని ఉప్పు కొలవండి. అంటే 200 గ్రాముల ముక్కకు 3 గ్రాములు. చెంచాతో కొలవకండి. ఒకే చెంచాలో మెత్తని ఉప్పు, పలుకులుగా ఉండే ఉప్పు దాదాపు రెట్టింపు తేడాతో తూగుతాయి. వంటల్లో ఉప్పు ఎక్కువైంది, తక్కువైంది అనే ఫిర్యాదుల్లో చాలా భాగం ఇక్కడే పుడుతుంది. చిన్న త్రాసు ఒకటి కొనుక్కోండి. ఈ పాఠాలన్నిటికీ అది కావాలి.

ఉప్పును రెండు వైపులా, కాస్త ఎత్తు నుంచి సమంగా చల్లి, ముక్కను ఏటవాలుగా పెట్టిన పళ్ళెంలో ఉంచండి. ఇప్పుడు కూర్చుని చూడండి. వట్టిగా చెప్పడం లేదు, నిజంగానే చూడండి. మొదటి కొన్ని నిమిషాలు ఏమీ జరగదు. ఉప్పు పలుకులు మెల్లగా తడిసి మాయమవుతాయి. ఆ తర్వాత పైన సన్నటి నీటి బొట్లు లేస్తాయి. పావుగంట గడిచేసరికి అవి కలిసి పళ్ళెం వాలు వైపు జారి చిన్న మడుగు కడతాయి. ఆ నీరు కాస్త మసగ్గా, జిగటగా ఉంటుంది. దాన్ని వాసన చూడండి. నీచు వాసన చాలావరకు అక్కడే ఉంటుంది. సముద్రపు చేపల కండలో ట్రైమిథైలమిన్ ఆక్సైడ్ అనే పదార్థం ఉంటుంది. దానికంటూ వాసన లేదు. చేప చచ్చాక బాక్టీరియా దాన్ని ట్రైమిథైలమిన్‌గా మారుస్తాయి, నీచు కంపు దానిదే. అది నీళ్ళలో కరుగుతుంది కాబట్టి బయటికి ఊరిన నీటితో కొంత పోతుంది. అందుకే ఆ నీటిని ముక్క మీదే వదిలేయకుండా శుభ్రమైన గుడ్డతో అద్ది తీసేయాలి. పాడవడం మొదలైన చేపను మాత్రం ఏ ఉప్పూ బాగుచేయదు. దాన్ని పారేయడమే.

ఎంతసేపు ఉంచాలి? అరవేలు మందపు పలుచని ముక్కకు ఐదారు నిమిషాలు, ఇందాకటి మందపు ముక్కకు 15 నుంచి 20 నిమిషాలు. మాకెరల్ లాంటి కొవ్వు చేపలోకి ఉప్పు నెమ్మదిగా దిగుతుంది కాబట్టి దానికి ఇంకాస్త సమయం, ఇంకాస్త ఉప్పు. ఈ పద్ధతికి పక్కా రూపం జపాన్ వాళ్ళ షియోయాకి. చేపకు ఉప్పు పట్టించి, కాసేపు ఆగి, ఊరిన నీరు తుడిచి, మళ్ళీ కొద్దిగా ఉప్పు చల్లి నిప్పుల మీద కాలుస్తారు. మసాలా ఉండదు, నూనె కూడా దాదాపు ఉండదు. ఏరుల్లో దొరికే ఆయు చేపను నిలువుగా పుల్లకు గుచ్చి కాల్చేటప్పుడు తోకకూ రెక్కలకూ దట్టంగా ఉప్పు అద్దుతారు. అది తినడానికి కాదు, అవి మాడిపోకుండా ఉండడానికి. చేప పళ్ళెంలోకి వచ్చేసరికి రెక్కలు విచ్చుకుని ఈదుతున్నట్టే ఉంటుంది. ఇంత తక్కువ సరుకుతో ఇంత గొప్ప వంట ఇంకోటి నాకు కనిపించలేదు.

ఉప్పు చల్లడం కాక ఉప్పునీళ్ళలో నానబెట్టడం రెండో దారి. లీటరు చల్లటి నీటికి 50 గ్రాముల ఉప్పు కరిగించి, ముక్కను అందులో 10, 15 నిమిషాలు ఉంచి, తీసి బాగా తడి ఆర్చండి. సాల్మన్ వండినప్పుడు ముక్క పక్కల నుంచి తెల్లటి తరకలు బయటికి రావడం చూసే ఉంటారు. అది కొవ్వు అనుకుంటారు చాలామంది. కాదు, అది ప్రోటీన్. వేడికి కండ బిగుసుకుని దాన్ని బయటికి నెట్టేస్తుంది. ఉప్పునీళ్ళలో నానిన ముక్కలో పైపొర ప్రోటీన్ కొంత కరిగి ఉండడంతో ఇది బాగా తగ్గుతుంది. రూపం కోసమే కాదు, ముక్క పొడిబారకుండా కూడా ఇది పనికొస్తుంది.

ఇప్పుడు మళ్ళీ ఇందాకటి ఉప్పు ముక్క దగ్గరికి రండి. నీరు అద్దాక వేలితో ముట్టుకుని చూడండి. జారుడుగా ఉండాల్సింది పోయి సన్నగా అంటుకుంటోంది కదా? అది మయోసిన్ అనే కండ ప్రోటీన్. మామూలు నీటిలో కరగదు, ఉప్పునీటిలో కరుగుతుంది. ఆ జిగురు మీద ఒక పెద్ద వంటల కుటుంబమే నిలబడి ఉంది. జపాన్‌లో కమబోకో అనే ఆవిరి మీద ఉడికించిన చేప దిమ్మ, చైనాలో, ఆగ్నేయాసియాలో చేప ఉండలు అన్నీ దాని పుణ్యమే. వాటిలో గుడ్డు, పిండి తప్పనిసరి కాదు. చేప కండ, ఉప్పు, నూరే చెయ్యి ఉంటే చాలు.

ఇది ఇంట్లో చేసి చూడాల్సిన పని, వదిలేయకండి. ముల్లు, చర్మం తీసిన 300 గ్రాముల తెల్లచేప కండను ఫ్రిజ్‌లో బాగా చల్లబరచండి. మిక్సీ గిన్నె కూడా ఫ్రిజ్‌లోనే పెట్టండి. నూరేటప్పుడు చేప ముద్ద వేడెక్కితే పట్టు పోతుంది, 10 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకండి. ముందు ఉప్పు లేకుండా రెండు తిప్పులు తిప్పండి. ముద్ద పొడిపొడిగా, తడిసిన రంపపు పొట్టులా ఉంటుంది. ఇప్పుడు 7 గ్రాముల ఉప్పు వేసి, రెండు చెంచాల ఐసు నీళ్ళతో మళ్ళీ తిప్పండి. చూస్తుండగానే ముద్ద మెరుపెక్కి, సాగి, గిన్నె గోడలు వదిలి ఒక్కటిగా చేరుతుంది. దాన్ని తడి చేత్తో దిమ్మలా చేసి ఆవిరి మీద 15 నుంచి 20 నిమిషాలు ఉడికించి, వెంటనే చల్లటి నీళ్ళలో వేయండి. చల్లారాక 3 మిల్లీమీటర్ల మందం బిళ్ళ కోసి సగానికి మడవండి, మళ్ళీ సగానికి మడవండి. చీలకపోతే మీ చెయ్యి కుదిరినట్టే. కమబోకో తయారీదారులు కూడా నాణ్యతను ఈ మడత పరీక్షతో చూస్తారు. చీలిందంటే నూరేటప్పుడు వేడెక్కి ఉండాలి, లేదా ఉప్పు చాలలేదు, లేదా చేప తాజాది కాదు.

ఉప్పును నిమిషాలు కాకుండా రోజుల తరబడి పని చేయనిస్తే పచ్చి చేప ఇంకో పదార్థమైపోతుంది. స్కాండినేవియా దేశాల గ్రావ్‌లాక్స్ అలాంటిది. కిలో సాల్మన్‌కు 60 గ్రాముల ఉప్పు, అంతే పంచదార, కచ్చాపచ్చాగా దంచిన తెల్ల మిరియాలు, కట్టలకొద్దీ డిల్ ఆకు. రెండు ముక్కలను కండ వైపు ఎదురెదురుగా పెట్టి మధ్యలో ఇవన్నీ నింపి, చుట్టి, పైన బరువు పెట్టి ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంచుతారు. 12 గంటలకోసారి తిరగేయాలి. కండ గట్టిపడి, రంగు చిక్కబడి, సన్నగా కోస్తే అద్దంలా వెలుతురు కనిపిస్తుంది.

ఇది పొయ్యి ఎక్కని వంట కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంత ఉప్పు చేపలోని పురుగులను, ముఖ్యంగా అనిసాకిస్ అనే నులిపురుగును నమ్మకంగా చంపదు. చంపేది చలి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెప్పే లెక్క ప్రకారం మైనస్ 20 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువలో 7 రోజులు ఉంచాలి. ఇళ్ళల్లో ఫ్రీజర్లు సాధారణంగా మైనస్ 18 దగ్గరే ఆగుతాయి కాబట్టి థర్మామీటర్ పెట్టి చూసుకోండి, లేదా అలా గడ్డకట్టించి అమ్మే చేపనే వాడండి. చలి బాక్టీరియాను చంపదు. అందువల్ల గర్భిణులు, వ్యాధి నిరోధక శక్తి తగ్గినవాళ్ళు ఈ వంట తినకూడదు. మంచినీటి చేపతో ఇది అసలు చేయవద్దు.

వారాల తరబడి ఉప్పులో ఉండి ఎండిన కాడ్ చేప కథ ఇంకా పెద్దది. ఉత్తర అట్లాంటిక్‌లో పట్టిన కాడ్ ఉప్పు వల్లే పాడవకుండా సముద్రాలు దాటింది. పోర్చుగల్‌లో బకల్యావ్, ఇటలీలో బక్కలా అంటారు. జమైకాలో అకీ పండుతో కలిపి వండుతారు, అది ఆ దేశపు జాతీయ వంటకం. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో కాడ్‌ను తరిగిపోయేదాకా పట్టేశారు. చివరికి 1992లో అక్కడి ప్రభుత్వం వేటనే ఆపేయాల్సి వచ్చింది. ఇన్ని దేశాల పండుగ భోజనానికి ఆధారమైన చేపకు పట్టిన గతి అది. కొనేటప్పుడు ఎక్కడి చేపో అడగడం అలవాటు చేసుకోండి.

ఉప్పు కాడ్ వండడంలో అసలు నైపుణ్యం ఉప్పు వదిలించడంలోనే ఉంది. పైన అంటిన ఉప్పు కడిగి, పుష్కలంగా చల్లటి నీళ్ళు పోసి, చర్మం పైకి ఉండేలా ముంచండి. ఫ్రిజ్‌లోనే 24 నుంచి 48 గంటలు ఉంచి, మూడు నాలుగు సార్లు నీళ్ళు మార్చండి. మందం ఎక్కువైతే సమయం ఎక్కువ. ముక్క మధ్య నుంచి చిన్న పోగు తీసి ఉడికించి నాలుక మీద వేసుకుంటే తెలుస్తుంది. తెలిసీ తెలియనంత ఉప్పదనం మిగలాలి. పూర్తిగా చప్పబడితే తాజా చేపా కాక, ఉప్పు చేపా కాక పోతుంది. ఇలా నానిన ముక్కను వెల్లుల్లి, ఎండుమిర్చి వేసిన ఆలివ్ నూనెలో, నూనె మరగకుండా సన్న సెగ మీద ఉంచి గిన్నెను గుండ్రంగా ఊపుతూ పోతే చర్మంలోని జిగురు నూనెతో కలిసి చిక్కటి సాస్ అవుతుంది. స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతపు పిల్‌పిల్ అదే. చెయ్యి నొప్పెట్టేదాకా ఊపాలి, మధ్యలో వదలకండి.

చివరగా ఉప్పు గూడు. మధ్యధరా తీరంలో, ముఖ్యంగా స్పెయిన్‌లో, చేపను నిండా ఉప్పుతో కప్పి కాలుస్తారు. కిలో చేపకు 2 కిలోల కళ్ళుప్పు, రెండు గుడ్ల తెల్లసొన. ఇక్కడ పొలుసు తీయకూడదు. ఉప్పు కండలోకి దిగకుండా అడ్డుపడేవి ఆ పొలుసులే. పొట్ట శుభ్రం చేయడానికి పెట్టే గాటు కూడా వీలైనంత చిన్నదిగా ఉండాలి. 200 డిగ్రీల ఓవెన్‌లో 25 నుంచి 30 నిమిషాలు ఉంచి, తీసి ఐదు నిమిషాలు ఆగి గూడు పగలగొట్టండి. చర్మం ఉప్పుతోపాటే ఊడి వస్తుంది. లోపలి కండ ఉప్పగా ఉండదు, తన ఆవిరిలో తానే ఉడికి ఉంటుంది.

ఈ వారం అభ్యాసానికి మూడు ఒకే మందం ముక్కలు తీసుకోండి. ఒకదాన్ని ఉప్పు వేసిన వెంటనే, ఒకదాన్ని ఉప్పు వేసిన 20 నిమిషాల తర్వాత తుడిచి, ఒకదాన్ని ఉప్పునీళ్ళలో నానబెట్టి, మూడింటినీ ఒకే పెనం మీద, ఒకే మంటలో వేయించండి. ఏది అంటుకుంది, ఏది విరిగింది, దేని చర్మం కరకరలాడింది, దేని కండ తడిగా మిగిలింది రాసి పెట్టుకోండి. నాలుగో పాఠం వేడి గురించి. దక్షిణ చైనాలోని కాంటన్ పద్ధతిలో ఆవిరి మీద నిండు చేప ఉడికిస్తాం, అప్పుడు ఆ రాతలు కావాలి.