ఎయిర్ అంబులెన్స్‌లో 'వద్దు' అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంటే

సమస్య: మబ్బు కిందికి దిగుతోందని హెలికాప్టర్‌లో వెనక కూర్చున్న నర్సుకు భయంగా ఉంది. పారామెడిక్‌కూ అంతే. ఇద్దరూ మాట్లాడరు.

కారణం: "వాతావరణం పైలట్ చూసుకుంటారు, మనకేం తెలుసు" అన్న జంకు. ఎప్పుడో ఒకసారి చెబితే పైలట్ మొహం ముడుచుకుని ఉంటే, ఆ జంకు ఇంకా గట్టిపడుతుంది.

పరిష్కారం: బయల్దేరాలంటే ముగ్గురూ ఒప్పుకోవాలి, ఆగడానికి ఒక్కరు చాలు. ఈ నియమం చాలా చోట్ల ఉన్నదే. అయితే అది నిలబడేదీ పోయేదీ మొదటిసారి ఎవరైనా 'వద్దు' అన్న రోజునే. ఆ రోజు పైలట్ వాదనకు దిగకూడదు, సరేనని ఇంజిన్ ఆపేయాలి. బయల్దేరేముందు జరిగే బ్రీఫింగ్‌లో "ఏమైనా అనుమానాలున్నాయా?" అని అడిగితే "లేవు" అనే వస్తుంది. "ఈ ట్రిప్‌లో మీకు ఎక్కువ టెన్షన్ పెడుతున్నదేంటి?" అని అడగండి. ఇంకో మాట: వైద్య సిబ్బందికి ఆపే హక్కే ఉంది. పైలట్ వద్దన్నాక పదమని ఒత్తిడి చేసే హక్కు లేదు.

సమస్య: "వెళ్లి చూద్దాం, కుదరకపోతే తిరిగొద్దాం" అని పైలట్ అంటారు.

కారణం: చాలాసార్లు, రోగి పసిబిడ్డ అని ముందే చెవిన పడటం. జాలి కలిగితే సరిపోని వాతావరణం కూడా సరిపోయినట్టే కనిపిస్తుంది.

పరిష్కారం: పైలట్ అవునో కాదో చెప్పేవరకు దూరం, బరువు, దిగే చోటు తప్ప రోగి గురించి ఏమీ చెప్పకండి. ఇదే కేసును వేరే సంస్థ కాదందేమో కనుక్కోండి. అమెరికాలో విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 2014లో తెచ్చిన నిబంధనలు బయల్దేరేముందు ఇది తెలుసుకునే పద్ధతి ఉండాలంటాయి. హెలికాప్టర్‌ను అడిగేటప్పుడే రోడ్డు అంబులెన్స్‌నూ సిద్ధం చేయించండి. రోగికి వేరే దారి ఉందని తెలిస్తే 'వద్దు' అనడం ఎంతో తేలికవుతుంది.

సమస్య: దారిలో పరిస్థితి కొంచెం కొంచెంగా పాడవుతోంది, వెనక్కి తిరగాల్సిన క్షణం ఎవరికీ తెలియడం లేదు.

పరిష్కారం: హద్దును నేల మీదే అంకెల్లో పెట్టుకోండి. అమెరికా పైలట్లలో ప్రచారంలో ఉన్న కొలత ఇది: మామూలు వేగం 30 నాట్లు (గంటకు దాదాపు 55 కి.మీ.) తగ్గించాల్సి వచ్చినా, నేల నుంచి పగలు 300, రాత్రి 500 అడుగులకు దిగాల్సి వచ్చినా ముందుకు పోవద్దు. తిరగాలి, లేదా దిగిపోవాలి, లేదా బయటికి చూస్తూ కాక పరికరాలు చూపేదాన్ని బట్టి ఎగరాలి. ఈ అంకెలు వెనకవాళ్లకూ తెలిస్తే "హద్దు దాటాం" అంటే చాలు, పైలట్ నైపుణ్యాన్ని శంకించినట్టు ఉండదు.

సమస్య: ల్యాండింగ్‌లో తీగ కనబడినా సిబ్బంది అరవరు.

కారణం: ఆ సమయంలో అనవసర మాటలు వద్దన్నదాన్ని పూర్తి మౌనంగా అర్థం చేసుకున్నారు.

పరిష్కారం: భద్రతకు సంబంధించిన మాటకు ఎప్పుడూ అడ్డు లేదని ప్రతి బ్రీఫింగ్‌లో చెప్పండి.

ఫ్లైట్ మానుకున్నాక గంటకే ఆకాశం తేటపడితే "వెళ్లుండాల్సింది" అనేవాళ్లు ఉంటారు. తర్వాత జరిపే సమీక్షలో (డీబ్రీఫింగ్) ఆ మాట రానివ్వకండి. నిర్ణయం తీసుకున్నప్పుడు చేతిలో ఉన్న సమాచారం గురించే మాట్లాడండి.