ఇంట్లో పాట రికార్డు చేస్తుంటే లాప్‌టాప్ చిటపటలాడుతోందా? కొత్తది కొనేముందు ఇలా చేసి చూడండి

శ్రుతి పెట్టుకుని, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని పల్లవి అందుకోగానే చెవిలో చిటపట. రెండు ట్రాకులున్నప్పుడు బాగానే ఉంటుంది, కోరస్ గొంతులు చేరేసరికి పాట తెగి తెగి వస్తుంది. లాప్‌టాప్ పాతబడిపోయిందనుకుంటాం. చాలాసార్లు అది నిజం కాదు.

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా తయారుచేసి సౌండ్‌కార్డుకు అందిస్తుంది. శాంపిల్ రేటు (సెకను శబ్దంలో ఉండే కొలతల సంఖ్య) 44,100, బఫర్ సైజ్ (ఒక్కో ముక్కలో ఉండే కొలతల సంఖ్య) 128 అయితే ఒక్కో ముక్కకు దొరికే గడువు 2.9 మిల్లీసెకన్లు. అంటే సెకనుకు సుమారు 344 గడువులు. వాటిలో ఒక్కటి తప్పినా మీకు చిటుక్కుమని వినిపిస్తుంది. అందుకే ప్రాసెసర్ వాడకం 30 శాతమే కనిపిస్తున్నా చిటపట రావచ్చు. లాప్‌టాప్ ఎంత వేగంగా పనిచేస్తుందన్నదొక్కటే చాలదు, వేళకు అందిస్తోందా లేదా అన్నది చూడాలి.

1. బఫర్ సైజ్ పనిని బట్టి మార్చండి

పాడేటప్పుడు 128, మిక్సింగ్ చేసేటప్పుడు 512 లేదా 1024. బఫర్ పెంచితే గడువు పెరిగి చిటపట తగ్గుతుంది, కానీ మీ గొంతు మీకు ఆలస్యంగా వినిపిస్తుంది. 1024 దగ్గర ఒక్క ముక్కే 23 మిల్లీసెకన్లు. లోపలికి వెళ్లేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు రెండుసార్లూ ఆ ఆలస్యం పడుతుంది కాబట్టి తాళం మీద నిలబడి పాడటం కష్టం. ఆడియో ఇంటర్‌ఫేస్‌లో (మైకును లాప్‌టాప్‌కు కలిపే పెట్టె) డైరెక్ట్ మానిటరింగ్ ఉంటే దాన్ని ఆన్ చేయండి. మీ గొంతు లాప్‌టాప్ దాకా వెళ్లకుండా నేరుగా హెడ్‌ఫోన్స్‌లోకి వస్తుంది. అప్పుడు బఫర్ 512 ఉన్నా హాయిగా పాడుకోవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్ ఆపడం మరవకండి, లేకపోతే గొంతు రెండుసార్లు వినిపిస్తుంది.

2. సరైన డ్రైవర్ ఎంచుకోండి

డ్రైవర్ అంటే పరికరాన్ని లాప్‌టాప్‌తో కలిపి నడిపించే ప్రోగ్రామ్. విండోస్‌లో మీ ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చిన ఏసియో డ్రైవరే వాడండి, అది శబ్దాన్ని తక్కువ ఆలస్యంతో అందిస్తుంది. ఇంటర్‌ఫేస్ లేనివారికి ఏసియో4ఆల్ ఉచితంగా దొరుకుతుంది. మ్యాక్‌లో కోర్ ఆడియో ముందే ఉంటుంది, ఈ అడుగు అక్కర్లేదు.

3. ఛార్జర్ పెట్టి, పవర్ సెట్టింగ్ మార్చండి

బ్యాటరీ మీద నడిచేటప్పుడు ప్రాసెసర్ వేగం తగ్గుతుంది. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, పవర్ అండ్ బ్యాటరీ అనే చోటికి వెళ్లి పవర్ మోడ్‌ను బెస్ట్ పెర్ఫార్మెన్స్‌కు మార్చండి.

4. వేడి తగ్గించండి

మన ఊళ్లలో ఇది పెద్ద విషయం. మైకులో ఫ్యాను చప్పుడు పడుతుందని మే నెలలో కూడా ఫ్యాను కట్టేసి, కిటికీలు మూసి పాడతాం. గది ఉక్కపోస్తుంది, లాప్‌టాప్ వేడెక్కుతుంది, వేడి హద్దు దాటగానే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మొదటి పది నిమిషాలు బాగుండి తర్వాత చిటపట మొదలైతే ముందు దీన్నే అనుమానించండి. లాప్‌టాప్‌ను పరుపు మీద, దిండు మీద పెట్టకండి. గట్టి బల్ల మీద పెట్టి, గాలి రంధ్రాలు మూసుకోకుండా వెనక అంచు కింద పుస్తకం ఉంచండి. ఒక్కో టేక్ అయ్యాక ఫ్యాను వేసి ఐదు నిమిషాలు ఆగండి. మీ గొంతుకూ ఆ విరామం మంచిదే.

5. అడ్డుపడుతున్న డ్రైవర్‌ను పట్టుకోండి

నా పాత లాప్‌టాప్‌లో ఉండుండి చిటుక్కుమంటుంటే రెండు రోజులు ప్లగిన్లు (సాఫ్ట్‌వేర్‌కు తగిలించే ఎఫెక్టులు, వాయిద్యాలు) ఒక్కొక్కటే తీసేస్తూ కూర్చున్నాను. చివరికి తేలింది వైఫై డ్రైవర్! లేటెన్సీమాన్ అనే ప్రోగ్రామ్ నడిపి, పది నిమిషాలు ప్రాజెక్టు ప్లే చేయండి. ఏ డ్రైవర్ ఎక్కువసేపు ప్రాసెసర్‌ను పట్టుకుని కూర్చుంటోందో చూపిస్తుంది. వైఫై, బ్లూటూత్ అయితే రికార్డింగ్‌కు ముందు ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టండి, తర్వాత తీరిగ్గా ఆ డ్రైవర్‌ను అప్‌డేట్ చేసుకోవచ్చు. లాప్‌టాప్ స్పీడ్ పెంచుతామనే క్లీనర్ ప్రోగ్రాముల జోలికి మాత్రం వెళ్లొద్దు, అవి వెనక నడుస్తూ మరో బరువవుతాయి.

6. ప్రాజెక్టు బరువు దించండి

ఎనిమిది కోరస్ ట్రాకులకు ఎనిమిది రివర్బ్‌లు (గది ప్రతిధ్వనినిచ్చే ఎఫెక్టు) పెట్టకండి. ఒకే రివర్బ్‌ను విడి ట్రాకులో పెట్టి, అన్ని ట్రాకుల శబ్దాన్నీ కొంత కొంత సెండ్ అనే మీట ద్వారా దానికి పంపండి. బరువు తగ్గడమే కాదు, గొంతులన్నీ ఒకే గదిలో పాడినట్టు వినిపిస్తాయి. తబలా, వీణ, స్ట్రింగ్స్ లాంటి వాయిద్యాల ప్లగిన్లలో పని అయిపోయిన ట్రాకును ఫ్రీజ్ చేయండి. అది ఆడియోగా మారి ప్రాసెసర్‌కు దాదాపు బరువుండదు, మార్పు కావాలంటే అన్‌ఫ్రీజ్ చేసుకోవచ్చు. మాస్టర్ (అన్ని ట్రాకులూ కలిసే చివరి ట్రాకు) మీద పెట్టిన లిమిటర్‌ను, అంటే శబ్దం హద్దు దాటకుండా ఆపే ప్లగిన్‌ను, పాడేటప్పుడు ఆపేయండి. అది రాబోయే శబ్దాన్ని ముందే చూసుకోవడానికి కొంత ఆలస్యాన్ని జోడిస్తుంది.

7. ఆఖరున డబ్బు ఖర్చు

హార్డ్‌డిస్క్ వాడుతుంటే ముందు ఎస్ఎస్‌డీ వేయించి, వాయిద్యాల ప్లగిన్లు వాడే శబ్దాల ఫైళ్లను (శాంపిళ్లు) అందులోకి మార్చండి. ర్యామ్ సంగతికి వస్తే, ప్రాజెక్టు నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరవండి. మెమరీ 90 శాతం చుట్టూ తిరుగుతుంటే 8 జీబీ నుంచి 16కు పెంచడం వల్ల ఫలితం ఉంటుంది. సగమే వాడుతుంటే ఆ డబ్బు దాచుకోండి. కొన్ని సన్నటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచడం కుదరదు. షాపుకు వెళ్లేముందే మీ మోడల్ నంబర్‌తో అది చూసుకోండి.